నవ్వు నాలుగు విధాల చేటు

మాదాపూర్, గచ్చిబౌలి చాయ్ బండ్ల దగ్గర ఈ మధ్య ఒక కొత్త వృత్తి మొదలైంది. మెడలో ఐడీ కార్డున్న ఆడపిల్ల సిగరెట్ వెలిగించేదాకా ఓపిగ్గా కాచుక్కూర్చుని, వెలిగించగానే ఫోన్ ఎత్తి వీడియో తియ్యడం. తర్వాత దానికో ఎర్ర బాణం, పసుపు అక్షరాల్లో ‘అమ్మాయిలు ఎలా తయారయ్యారో చూడండి’ అన్న శీర్షిక, వెనకాల ఏడుపు సంగీతం. అదే వీడియోలో ఆ పిల్లకి అటూ ఇటూ పదిమంది మగాళ్లు ఊదుతూ కనిపిస్తారు. వాళ్లకి బాణాలుండవు. వీడియో తీస్తున్న పెద్దమనిషి రెండో చేతిలో వెలుగుతున్నదానికి అసలే ఉండదు.

ఆయన దుఃఖమంతా సంస్కృతి గురించి కాబట్టి ముందు ఆ లెక్క తేల్చేద్దాం.

ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో మన అవ్వలు తరతరాలుగా చుట్ట కాల్చారు. అదీ మామూలుగా కాదు, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అంటారు దాన్ని. సముద్రపు గాలికి ఆరిపోదని, చంకలో పిల్ల మీద నుసి రాలదని, రెండు చేతులూ పనికి మిగులుతాయని అలా కాల్చేవారని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా పల్లెజనం నోళ్లు తెరిపించి చూసిన పరిశోధకులు, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో 1971లోనే వైద్య పత్రికలో అచ్చువేశారు. యాభై ఏళ్లు దాటిపోయింది. అంగిలి క్యాన్సర్‌తో పోయిన ఆ అవ్వల గురించి సంస్కృతీ పరిరక్షకులు ఒక్క బాణం గీయలేదు. ఎందుకు గీస్తారు? నోట్లో నిప్పు పెట్టుకునే వాళ్లు చేపలు ఎండబెట్టారు, కట్టెలు మోశారు, పిల్లల్ని సాకారు. ఆడదాని నోట్లో నిప్పుతో మన సంస్కృతికి ఏనాడూ పేచీ లేదు. ఆ నిప్పు పట్టుకుని ఆమె ఎవరికీ ఏమీ వండకుండా, ఎవరికీ ఏమీ అందించకుండా ఐదు నిమిషాలు ఊరికే నిలబడిందే, పేచీ అక్కడొచ్చింది.

ఇటు తెలంగాణలో సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు వెళ్లండి. ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు పోసి బీడీలు చుట్టే చేతులు లక్షల్లో ఉన్నాయి, దాదాపు అన్నీ ఆడవాళ్లవే. రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తారు. దాన్ని ఉపాధి అంటాం, భృతి ఇస్తాం, ఎన్నికలొస్తే ఆ చాట పక్కనే కూర్చుని నాయకుడు ఫోటో కూడా దిగుతాడు. చుడితే శ్రమజీవి. వెలిగిస్తే చెడిపోయింది.

మగవాడి పొగకి మాత్రం మన దగ్గర సాహిత్య ప్రమాణముంది. 1892లో తొలిసారి రంగమెక్కిన కన్యాశుల్కంలో గిరీశం చుట్టకి పురాణాల్లోంచి సాక్ష్యం పట్టుకొస్తే నూటముప్ఫై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాం. 2024 సంక్రాంతికి గుంటూరు కారంలో హీరో బీడీ వెలిగిస్తే థియేటర్లో ఈలలు వేశాం. 2016–17లో కేంద్రం చేయించిన పొగాకు సర్వే ప్రకారం దేశంలో వందమంది పెద్దవాళ్లైన మగవాళ్లలో పొగతాగేవాళ్లు 19 మంది, ఆడవాళ్లలో ఇద్దరు. ఆ ఇద్దరిలోంచి పల్లెటూళ్ల చుట్టలూ బీడీలూ తీసేస్తే మిగిలే పిసరంత కోసం ఇన్ని కెమెరాలు మోహరించాయి.

సరే, ఆ పిల్ల అసలు కిందికెందుకు వచ్చిందో చూద్దాం. వీడియోలో అది ఎలాగూ ఉండదు.

పైన ఏడో అంతస్తులో కాల్ సెంటర్ వాళ్లు ఫ్లోర్ అనేది ఒకటుంటుంది. వరసలు వరసలుగా బేలు, ఒక్కో బేలో హెడ్‌సెట్లు పెట్టుకున్న పిల్లలు, గోడమీద పెద్ద తెర, దాని మీద ఎన్ని కాల్స్ క్యూలో ఉన్నాయో చూపించే అంకె. ఆ అంకె తగ్గదు. ఇన్సెంటివ్‌లు మాత్రం తగ్గుతాయి. అక్కడ రాత్రి పదకొండు దాటాక నడిచే తెలుగు సంభాషణ ఇలా ఉంటుంది.

“ఏమ్మా, బిర్యానీ వచ్చింది, రైతా రాలేదు.”

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్.”

“చింతించడం కాదు, రైతా ఏదీ?”

“మీ బాధని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను సార్.”

“నీకేం అర్థమవుద్ది? అసలు నువ్వు తిన్నావా?”

ఆ చివరి ప్రశ్నకి స్క్రిప్టులో జవాబు లేదు. ఆమె తినలేదు. క్యూ పెరిగిందని డిన్నర్ బ్రేక్ గంటన్నర వెనక్కి జరిపారు.

ఇలాంటివి షిఫ్టుకి డెబ్భై, ఎనభై. ఒకాయన రీచార్జ్ పడలేదని మొదలుపెట్టి అమ్మనీ అక్కనీ తెస్తాడు. ఇంకొకాయన ఏ సమస్యా లేకుండానే చేస్తాడు. “గొంతు బాగుంది, పెళ్లయిందా? నీ వాట్సాప్ నంబర్ ఇస్తావా?” ఆ మాట విన్న తర్వాత కూడా ఆమె, “ఇంకేదైనా సహాయం కావాలా సార్?” అని అడిగి తీరాలి. అడక్కపోతే క్వాలిటీలో మార్కులు పోతాయి. మరొకాయన, “నీతో కాదు, మగాళ్లెవరన్నా ఉంటే ఇవ్వు” అంటాడు. అప్పుడు టీఎల్, అంటే టీమ్ లీడర్, వచ్చి హెడ్‌సెట్ తీసుకుంటాడు. ఆమెకంటే రెండేళ్లు చిన్న కుర్రాడు. ఆమె చెప్పిన వాక్యమే అక్షరం పొల్లుపోకుండా చెబుతాడు. “అదీ, అలా వివరంగా చెప్పాలి” అని కస్టమర్ శాంతిస్తాడు. ఎస్కలేషన్ ఆమె ఖాతాలో పడుతుంది, పరిష్కారం అతని ఖాతాలో.

మనం కాల్ పెట్టేశాక ఈ కథ అయిపోదు. రికార్డింగ్ క్వాలిటీ వాళ్ల దగ్గరికి వెళుతుంది. వాళ్లు చెవిలో పెట్టుకుని విని, గ్రీటింగ్‌కి ఇన్ని, సహానుభూతికి ఇన్ని, ‘గొంతులో నవ్వు’కి ఇన్ని అని మార్కులు వేస్తారు. అవును, గొంతులో నవ్వు ఒక కాలమ్. చిన్నప్పుడు కాస్త గట్టిగా నవ్వితే నవ్వు నాలుగు విధాల చేటని నెత్తిమీద మొట్టి పెంచిన పిల్లకి, ఇక్కడ బూతులు తింటున్నప్పుడు నవ్వు వినపడలేదని జీతం కోస్తారు. నవ్వెప్పుడు చేటో, ఎప్పుడు మార్కులో తెలుసుకోవడమే ఆడపిల్లకి ఉద్యోగానుభవం.

ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లోనే ఈ సరుకుకి భావశ్రమ అని పేరు పెట్టింది. డెల్టా ఎయిర్‌లైన్స్ విమాన పరిచారికలకి నవ్వడం ఎలా నేర్పుతారో, బాకీ వసూలు చేసేవాళ్లకి కసరడం ఎలా అలవాటు చేస్తారో ఆ పుస్తకంలో పక్కపక్కన పెట్టి చూపించింది. మనవాళ్లు ఆ రెండు అధ్యాయాలనీ ఒకే ఫ్లోర్ మీద సర్దేశారు. ఎడమ బే క్షమించమంటుంది, కుడి బే ఈఎంఐ కట్టమంటుంది. వసూలు ఫోన్లు రాత్రి ఏడు దాటాక చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు అంది కాబట్టి కుడి బే అప్పటికి లేచిపోతుంది. క్షమాపణలకి రిజర్వ్ బ్యాంకు ఏ గడువూ పెట్టలేదు. ఎడమ బే తెల్లారేదాకా అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఇదే అసలు గుట్టు. తిండికి అరగంట, టీకి రెండు పావుగంటలు, అంతే. మధ్యలో బాత్రూమ్‌కి లేస్తే దాని పేరు బయో బ్రేక్, అది స్క్రీన్ మీద సెకన్లతో సహా లెక్కకొస్తుంది. నెలసరి రోజుల్లో రెండుసార్లు ఎక్కువ లేస్తే వాట్సాప్ గ్రూపులో టీఎల్ ఆమె పేరు పెట్టి ప్రశ్నార్థకం పెడతాడు, నలభైమంది చూస్తుండగా. ‘కాల్‌లో వాడన్న మాటకి చేతులు వణుకుతున్నాయి, ఐదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడతాను’ అనడానికి సిస్టమ్‌లో కోడే లేదు. కానీ ‘సుట్టాకి వెళ్లొస్తా’ అని సిగరెట్ పేరు చెబితే ప్రతివాడికీ అర్థమవుతుంది. టీఎల్‌కి అర్థమవుతుంది, ఎందుకంటే లిఫ్టులో ఆయనా కిందికే వెళుతున్నాడు. మేనేజర్‌కి అర్థమవుతుంది, ఆయన ఇప్పటికే కింద ఉన్నాడు. ఏడ్వడానికి అనుమతి లేని చోట దగ్గడానికి అనుమతి ఉంది.

పైగా కింద జరిగేది ఉత్త పొగ కాదు. వచ్చే వారం రోస్టర్‌లో ఎవరికి పగటి షిఫ్టు, ఎవరి లీవు పాసవుతుంది, ఏ ప్రాసెస్ మూసేస్తున్నారు, టీఎల్ పోస్టుకి ఎవరి పేరు పంపారు అన్నవన్నీ ఆ పాన్ డబ్బా దగ్గర దారానికి వేలాడే లైటర్ చుట్టూ తేలిపోతాయి. పైన మీటింగ్ రూమ్‌లో జరిగేది వాటి ప్రకటన మాత్రమే. సిగరెట్ తాగని అమ్మాయి ఆ సమయంలో పైన కాల్స్ ఎత్తుతూ ఉంటుంది, అదీ కిందికెళ్లినవాళ్ల వాటా కూడా కలిపి. ఆర్నెల్లు అలా ఎత్తాక ఒక రోజు ‘ఊరికే టీకి’ కిందికొస్తుంది. ఇంకో ఆర్నెల్లకి బండి అన్న ఆమెని చూడగానే, “అక్కా, లైట్సేనా? మింట్ గూడ వచ్చింది” అంటాడు. కంపెనీలో ఆమె పేరు గుర్తుపెట్టుకోకపోయినా బ్రాండ్ గుర్తుపెట్టుకున్న మొదటి మనిషి ఆయనే.

మగాడికి సిగరెట్ ఐదు నిమిషాలు. ఆమెకి పన్నెండు. వెలిగించే ముందు అటూ ఇటూ చూసి ఎవరి ఫోన్ ఎటు తిరిగి ఉందో కనిపెట్టాలి. తర్వాత మింట్ గోలీ, శానిటైజర్, చున్నీ మీద సెంటు. హాస్టల్ ఆంటీ ముక్కు మెటల్ డిటెక్టర్‌కన్నా చురుకు. సగం దమ్ములో ఉండగా ఊర్నించి అమ్మ ఫోన్.

“గొంతేంటే అలా ఉంది?”

“ఏసీ అమ్మా.”

హైదరాబాద్‌లో ఏసీలు మోసినన్ని నిందలు కోర్టుల్లో ముద్దాయిలు కూడా మొయ్యరు.

ఇంత చెప్పానని సిగరెట్ ఆ పిల్లకి తోబుట్టువనుకోకండి. ఈ నాటకంలో అందరికన్నా పెద్ద మోసగాడు అదే, దాని చరిత్ర కూడా కొంచెం చూడాలి. 1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ ఊరేగింపులో కొందరు యువతులు నలుగురూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. అవి స్వేచ్ఛాజ్యోతులని పత్రికలు రాశాయి. ఆ వెలుగు వెనకున్నవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, ఫ్రాయిడ్‌కి మేనల్లుడు, ప్రచార విద్యలో ఆరితేరినవాడు. డబ్బిచ్చింది లక్కీ స్ట్రైక్ అమ్మే అమెరికన్ టొబాకో కంపెనీ. దేశంలో సగం మంది నోళ్లు ఖాళీగా ఉండిపోయాయన్నదే ఆ కంపెనీ పట్టుకున్న స్త్రీవాద సమస్య. ఇంతాచేసి బెర్నేస్ ఇంట్లో మాత్రం భార్య సిగరెట్లు కనబడితే విరిచి పారేయించేవాడట. ఊరికి జ్యోతి, ఇంట్లో ఫైరింజన్.

ఆ తంత్రం ఇప్పుడు సన్నటి పెట్టెల్లో, నొక్కితే పుదీనా చిమ్మే గుళికల్లో మన చాయ్ బండికీ చేరింది. మగాళ్లు తాగితే లేనిది మేం తాగితే ఏంటని అడిగే పిల్లని నేను తప్పుపట్టను, ప్రశ్నలో దోషం లేదు. అయితే జీతంలో, పోస్టుల్లో, రాత్రి రెండింటికి క్యాబ్‌లో ఆఖరి డ్రాప్ ఎవరిదన్న విషయంలో ఎంతకీ రాని సమానత్వం పాన్ డబ్బాలో మాత్రం విడిగా ఒక్కోటి చొప్పున దొరుకుతోందంటే, అమ్మేవాడి ఔదార్యాన్ని కాస్త అనుమానించాలి.

నికోటిన్ పనితీరు కాల్ సెంటర్ వాళ్లకి వాళ్ల భాషలోనే చెప్పొచ్చు. పీల్చిన పది, ఇరవై సెకన్లలో మెదడుకి చేరి టికెట్ క్లోజ్ చేస్తుంది, ఏ ఏజెంటుకీ లేని హ్యాండ్లింగ్ టైమ్. కానీ రెండు గంటలయ్యేసరికి ఒంట్లో సగానికి తగ్గి, అదే టికెట్ రీఓపెన్ చేస్తుంది. చిరాకు, గుండెదడ, చేతుల్లో అసహనం. కస్టమర్ వల్ల వచ్చిందని ఆమె అనుకునే టెన్షన్‌లో కొంత నిజంగా కస్టమర్‌ది, కొంత పోయినసారి సిగరెట్‌ది. ఫిర్యాదు తనే పెట్టి, తనే పరిష్కరించి, ఐదు నక్షత్రాలు తనే వేయించుకునే ఏజెంటు అది. మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గుతాయని పాతిక పైచిలుకు అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. ఆడవాళ్ల ఒంట్లో నికోటిన్ మగవాళ్లలో కన్నా తొందరగా కరిగిపోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇంకా తొందరగా. ఆ మాత్రలూ సిగరెట్టూ కలిస్తే, ముఖ్యంగా ముప్ఫై అయిదు దాటాక, రక్తం గడ్డలు కట్టి గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది. ఆ పిల్లకి ఎవరైనా చెప్పాల్సిన మాట ఇదొక్కటే. బాణాలు గీసేవాళ్లలో ఒక్కడూ చెప్పలేదు. వాళ్ల దిగులు ఆమె గర్భసంచి గురించే, గుండె గురించి కాదు.

సర్కారు సంగతి రెండు ముక్కల్లో. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగాలో పుండు బొమ్మ వేయిస్తుంది. ఇంకో శాఖ కింద పొగాకు బోర్డు 1976 నుంచీ గుంటూరులో కూర్చుని పొగాకు పంటనీ ఎగుమతినీ చూసుకుంటుంది. జీవితానికి బీమా చేసే ప్రభుత్వ సంస్థ ఎల్ఐసీకి, దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో సుమారు 15 శాతం వాటా ఉంది. పాలసీ ఫారంలో ‘పొగతాగుతారా?’ అన్న ప్రశ్న అందుకే పెట్టి ఉంటారు, మన ఖాతాదారేనా అని కనుక్కోవడానికి.

కంపెనీలు మాత్రం ఊరుకున్నాయా? 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసుల్లో పొగతాగడం నిషేధం, పట్టుబడితే రెండొందల దాకా జరిమానా. చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి పిల్లల్ని రోడ్డు మీదికి పంపేశారు, కెమెరాల ముందుకి. ఏటా మే 31న పొగాకు వ్యతిరేక దినం జరుపుతారు. గేటు దగ్గర ముగ్గుల పోటీ, క్యాంటీన్లో ప్రతిజ్ఞ, సాయంత్రం వెల్‌నెస్ సెషన్. దానికి హాజరు తప్పనిసరి, వీక్ ఆఫ్ ఉన్నా సరే. తెల్లబట్టల కోచ్ ఒకాయన వచ్చి, కళ్లు మూసుకోమంటాడు. గట్టిగా ఊపిరి తీసుకోండి, పట్టి ఉంచండి, మెల్లగా వదలండి, ఈ ఐదు నిమిషాలు మీవి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు అంటాడు. వెనక వరసలో పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. అచ్చంగా అదే వ్యాయామం వాళ్లు రోజూ చాయ్ బండి దగ్గర చేస్తున్నారు.

సిగరెట్లో విషం తీసేస్తే మిగిలేది ఏంటో కోచ్‌కి డబ్బులిచ్చి మరీ కంపెనీ కనుక్కుంది. ఆరుబయట, నోరు మూసుకుని, తన ఊపిరి తను పీల్చుకునే ఐదు నిమిషాలు. అంతవరకే ఇవ్వొచ్చు. బూతు కాల్ తర్వాత అడక్కుండా పది నిమిషాలు, బూతులు తిట్టినవాడి ఫోన్ పెట్టేసే హక్కు, తిండి వేళకి తిండి. వీటి గురించి ఒకమ్మాయి సెషన్ ఆఖర్న చెయ్యెత్తి అడిగితే హెచ్ఆర్ మేడమ్ చక్కగా విని, “నీ ఫీలింగ్స్ నేను పూర్తిగా అర్థం చేసుకోగలను రా” అంది. గొంతులో నవ్వు స్పష్టంగా వినిపించింది. నూటికి నూరు మార్కులు వెయ్యొచ్చు.

ఇక ఆఖరి దిక్కు, మానేయాలనుకునేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన క్విట్‌లైన్. 1800 11 2356. డబ్బులు పడవు, అటువైపు కౌన్సెలర్లు ఉంటారు, పని మంచిదే. 2018 నుంచి ఆ నంబర్ని సిగరెట్ పెట్టెల మీద అచ్చువేస్తున్నారు. మన పిల్ల పెట్టె కొనదు, హాస్టల్లో దొరికిపోతుంది కాబట్టి బండి దగ్గర విడిగా ఒకటి కొంటుంది. పుండు బొమ్మా, నంబరూ బండి అన్న చూసుకుంటాడు. సరే, ఎవరో చెప్పారు, నంబర్ దొరికిందనుకుందాం. షిఫ్టు సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. కోరిక పీకేది రెండింటికి. ఆ లైన్ పనిచేసేది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. రైతా రాలేదని రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తి, చింతించి, నవ్వి, వీలైతే ముప్ఫై రూపాయలు వెనక్కి వేయించే మనిషిని ఈ దేశం ఏర్పాటు చేసింది. ఆ మనిషి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లని మాత్రం తెల్లారాక రమ్మంది.

క్విట్‌లైన్‌కి కూడా నైట్ షిఫ్ట్ పెట్టాలని ఎవరైనా అర్జీ రాస్తే నేనూ సంతకం పెడతాను. టెండర్ పిలుస్తారు, తక్కువకి కోట్ చేసిన కంపెనీకి ఇస్తారు, ఆ కంపెనీ గచ్చిబౌలిలోనే ఇంకో ఏడో అంతస్తు అద్దెకి తీసుకుని హెడ్‌సెట్లతో ఆడపిల్లల్ని కూర్చోబెడుతుంది. ఆ అర్జీలోనే ఒక పేరా ఎక్కువ రాసి, వాళ్లకి రాత్రి రెండింటికి బ్రేక్ ఉందో లేదో, ఆ బ్రేక్‌కి సిస్టమ్‌లో ఏ కోడ్ కొట్టాలో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.